మర్రిగూడలో మొదటి పాఠం

పర్వతాలు ఆ కోర్సులో చేరడానికి కారణం, దాని ముందు లైను లేకపోవడం.

1966లో పట్నం కాలేజీలో ఎమ్మెస్సీ లెక్కలకు దరఖాస్తు పెట్టుకోవడానికి వచ్చినవాళ్లు వరండా నిండి మెట్ల మీద దాకా నిలబడ్డారు. పక్క గది ముందు ఒక బల్ల, బల్ల వెనక ఒక గుమాస్తా. ఆయన ముందు మాత్రం ఎవరూ లేరు. గోడకు కొత్త బోర్డు: ‘వైద్య గణాంక విభాగం’. ఆ ఏడే మొదలైన చదువు. అందులో ఏం చెప్తారని పర్వతాలు అడిగాడు. తనకు తెలియదనీ, తెలిసినాయన లోపల కూర్చున్నాడనీ గుమాస్తా చెప్పాడు.

లోపల కూర్చున్నాయన డాక్టర్ ఇస్రాయేలు. మహబూబ్‌నగర్ దిక్కు మనిషి. సన్నగా, పొడుగ్గా, ఇప్పుడే ఏదో చావుకబురు చెప్పబోతున్నట్టు ఉంటాడు. మంచి కబురు చెప్పేటప్పుడు కూడా అదే ముఖం.

“ఏ ఊరు?”

“కేతేపల్లి సార్.”

“లెక్కలు వస్తయా?”

“వస్తయ్ సార్.”

“రోగాలంటే భయమా?”

“భయమే సార్.”

“మంచిది. భయం లేనోళ్లు తొందరపడతరు” అని ఆయన కాగితం మీద సంతకం పెట్టాడు.

కేతేపల్లి అన్నది పూర్తిగా అబద్ధం కాదు. అది అతని మేనమామ ఊరు. పదేండ్లప్పుడు తల్లి అతన్ని అక్కడికి పంపింది, బడి చదువంతా అక్కడే అయింది. కానీ పుట్టింది మర్రిగూడలో. తండ్రి జానయ్యకు గొర్ల మంద ఉంది. తల్లి సైదమ్మ ఇల్లు, గేదె, చెలక చూసుకునేది.

మర్రిగూడ బావుల నీళ్లకు ఒక గుణం ఉంది. ఆ నీళ్లు తాగి పెరిగిన పిల్లల పండ్ల మీద గోధుమరంగు చారలు పడతాయి. పెద్దయ్యాక కొందరికి మెడ తిరగదు. కొందరికి నడుము వంగదు, ఇంకొందరికి వంగిన నడుము మళ్లీ లేవదు. పర్వతాలు పండ్లకు కూడా గార పట్టింది. కేతేపల్లి పోయేదాకా మనుషుల పండ్లన్నీ అట్లనే ఉంటాయని అతను అనుకున్నాడు.

డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో మొదటి రోజు తనది మర్రిగూడ అని చెప్పాడు. గదిలో ఉన్న పిల్లగాడు తన మంచినీళ్ల కూజాను మంచం కింద నుంచి తీసి కిటికీలో పెట్టుకున్నాడు. మర్రిగూడ రోగం అంటుకుంటుందన్నట్టు, కూజా మళ్లీ కిందికి రాలేదు. పర్వతాలు గది మార్చుకున్నాడు. కొత్త గదిలో తనది కేతేపల్లి అన్నాడు. మరి పండ్ల సంగతేమిటని ఎవరన్నా అడుగుతారని బీడీలు మొదలుపెట్టాడు. బీడీ అతనికి పడేది కాదు, దగ్గొచ్చేది. అయినా నలుగురూ ఉన్నప్పుడు తాగేవాడు. ఒక్కడే ఉన్నప్పుడు తాగేవాడు కాదు.

కొత్త కోర్సులో అయిదుగురు చేరారు. ఇద్దరు డాక్టర్లు, ముగ్గురు లెక్కలవాళ్లు. డాక్టర్లలో ఒకామె సావిత్రమ్మ. నారాయణపేటలో మగ్గాల ఇంట్లో పుట్టింది. డాక్టరు చదువు అయ్యాక రెండేండ్లు సర్కారు దవాఖానలో పనిచేసి, రోజూ అదే దగ్గుకు అదే మందు రాయలేక ఇటు వచ్చింది. మనసులో ఏముందో నోట్లో అదే ఉండేది.

మొదటి రోజు ఇస్రాయేలు సారు అయిదుగురినీ కూర్చోబెట్టి కోర్సు పరిచయం చేశాడు.

“మీల ఇద్దరికి మనిషిని సూస్తే రోగం కనవడతది, ముగ్గురికి మనిషిని సూస్తే ఏం కనవడదు. ఈ రెండిండ్లకు పెండ్లి జేసుడే ఈ కోర్సు. పెండ్లి నిలుస్తదో లేదో నాకు తెల్వదు. ఇదే మొదటిసారి.”

తర్వాత తలా ఒక అట్టకార్డు చేతికిచ్చి చూపించాడు. పరీక్ష చేసే ప్రతి మనిషికీ ఒక కార్డు. ఆ మనిషి వయసు, పని, తాగే నీళ్లు, ఉన్న రోగం, అన్నిటికీ అంకెలుంటాయి. అంకెకొక చోట బొక్క పెట్టాలి. కార్డులన్నీ మెషీన్లో వేస్తే ఒక్కతీరు బొక్కలున్నవన్నీ ఒకచోట పడతాయి.

“అంటే మనిషిని అట్ట చేసి, అట్టకు బొక్కలు పెడ్తం” అన్నది సావిత్రమ్మ.

“అంతే” అన్నాడు ఇస్రాయేలు సారు. “మిగతా పరిచయం క్లాసుల చెప్తే ఎక్కది. వచ్చే సోమవారం అందరం మర్రిగూడ పోతున్నం. ఆడి నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉన్నదని అందరికీ ఎరికే. కానీ ఏ బాయి తాగినోళ్లకు ఎంత, ఎవరికి ఎక్కువ, ఎవరికి తక్కువ, అది ఇంటింటికి అడిగి సూసుడే మీ మొదటి పాఠం.”

పర్వతాలు ఆ మాట విని చేతిలో ఉన్న కార్డును నలిపాడు. సారు ఇంకొక కార్డిచ్చాడు.

ఆదివారం పొద్దున అతనికి కడుపునొప్పి వచ్చింది. సారు సావిత్రమ్మను పంపాడు. ఆమె అతన్ని బెంచీ మీద పండుకోబెట్టి, కడుపు అంతా నొక్కి చూసి, నాలుక చూసి, చెయ్యి పట్టుకుని చూసింది.

“నొప్పి ఎక్కడ?”

“అంతట.”

“అంతట ఉండే కడుపునొప్పి పుస్తకంల లేదు. రేపు ఆరు గంటలకు జీపు” అని వెళ్లిపోయింది.

జీపు మర్రిగూడ చేరేసరికి పర్వతాలు మొఖానికి తువాల చుట్టుకుని, కండ్లు మాత్రమే బయటపెట్టుకుని ఉన్నాడు. దుమ్ము, అన్నాడు. దుమ్ము నిజంగానే ఉంది. ఆ దుమ్ములోనే మిగతా నలుగురూ ముఖాలు తెరుచుకుని ఉన్నారు.

బడి దగ్గర సర్పంచు అంజయ్య దండలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒక్కొక్కరికీ దండ వేసుకుంటూ వచ్చి పర్వతాలు ముందు ఆగాడు. దండ వెయ్యాలంటే తువాల తియ్యక తప్పలేదు.

“అరె, మన జానయ్య కొడుకు లెక్కున్నడే!” అన్నాడు అంజయ్య.

ఇస్రాయేలు సారు ఇటు తిరిగాడు.

“మాది కేతేపల్లి” అన్నాడు పర్వతాలు. 

అంజయ్య అతన్ని చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని జాతర తిప్పిన మనిషి. అతని ముఖం కాసేపు చూశాడు. తర్వాత చాలా మర్యాదగా, “గట్లనా సార్! మనిషిని వోలిన మనుషులుంటరు” అని దండ వేసి, ముందుకు పోయాడు.

మర్రిగూడలో ఒక మాట బడి నుంచి కడపటి ఇంటికి చేరడానికి ఎక్కువసేపు పట్టదు. జానయ్య కొడుకు డాక్టర్ల జీపులో వచ్చాడనీ, తనది ఈ ఊరు కాదంటున్నాడనీ, పాపం ఏం తిప్పలో అడగొద్దనీ అందరికీ తెలిసిపోయింది. అతనితో గోలీలాడినవాడు వచ్చి, “నమస్తే సార్, పట్నం నుంచి ఎప్పుడు బయలెల్లిండ్రు సార్” అని అడిగాడు. బడి ముందు జనంలో ముందు వరసలో కూర్చున్న అత్తలూ, చిన్నమ్మలూ అతని వైపు చూడకుండా ఆకాశం వైపు చూశారు. వాళ్లలో ఎవరైనా అరిచి తిట్టి ఉంటే పర్వతాలుకు అంత కష్టమయ్యేది కాదు.

ఇస్రాయేలు సారు బడి వరండాలో నిలబడి ఊరివాళ్లకు పని చెప్పాడు. మూడు పనులు. నిలబడి వంగి కాలివేళ్లు తాకాలి. గడ్డం ఛాతికి ఆనించాలి. రెండు చేతులు ఎత్తి తల వెనక పెట్టుకోవాలి. ఎవరికి ఏది రాకపోతే అది కార్డులో రాసుకుంటారు.

ముందుగా అంజయ్య లేచాడు. “సార్, సాగర్ కట్ట అయిపోవచ్చిందంటున్నరు. ఆ నీళ్లు మాకు వస్తయా?”

“అది నా డిపార్ట్‌మెంట్ కాదు.”

“మరి మీ డిపార్ట్‌మెంట్ ఏంది సార్?”

“లెక్కవెట్టుడు.”

“లెక్కవెట్టి?”

“వాళ్లకు చెప్పుడు.”

అంజయ్య ఆలోచించి కూర్చున్నాడు. ఇంతకుముందు వచ్చినవాళ్లు ఇంతకంటే ఎక్కువే చెప్పారు, ఏదీ జరగలేదు. తక్కువ చెప్పేవాణ్ని నమ్మొచ్చనుకున్నాడు.

అప్పుడు ముసలి గుర్వమ్మ కర్ర పట్టుకుని ముందుకొచ్చింది. ఆమె నడుము పలకలా అయిపోయి చాలా ఏండ్లయింది. పక్కకు చూడాలంటే ఒంటినంతా తిప్పుకోవాల్సిందే.

“మీరు జేసి సూపియ్యుండ్రి ముందుగాల. అందరి ముంగట గంతులేయనీకి మేమేమన్న కోతులమా?”

“న్యాయమే” అన్నాడు ఇస్రాయేలు సారు. కోటు విప్పి అంజయ్యకిచ్చి, అంత పొడుగు మనిషీ వంగి కాలివేళ్లు తాకాడు. గడ్డం ఛాతికి ఆనించాడు. చేతులు తల వెనక పెట్టుకున్నాడు. జనం నుంచి మెచ్చుకుంటున్నట్టు ఒక చప్పుడొచ్చింది. ఆయన ముఖం మాత్రం మారలేదు. తర్వాత అయిదుగురు విద్యార్థులనూ వరసగా నిలబెట్టాడు.

పర్వతాలు వంగాడు. వేళ్లు అందాయి, కొంచెం కష్టం మీద. చేతులు తల వెనక పెట్టుకున్నాడు. గడ్డం దించాడు. సగం దూరం పోయి ఆగింది. మళ్లీ దించాడు. మళ్లీ అక్కడే ఆగింది. మెడలో ఎవరో గూటం కొట్టినట్టుంది. అతనికి అది కొత్త కాదు. కొన్ని నెలలుగా పొద్దున లేవగానే మెడ అట్లా ఉంటోంది. ఎక్కువ చదవడం వల్ల అని సరిపెట్టుకున్నాడు. అట్లా ఎవరి ముందూ ఎప్పుడూ దించి చూడలేదు.

గుర్వమ్మ ఒళ్లంతా తిప్పి అతన్ని చూసింది. ఆమెకు చూపు సరిగ్గా ఆనదు. పొద్దున్నించి ఊరంతా తిరిగిన మాట కూడా ఆమె చెవిన పడలేదు.

“గీ పిలగానికి వంగుత లేదు. గీయనది గూడ మన ఊరేనా?”

ముందు వరస మళ్లీ ఆకాశం వైపు చూసింది.

“కాదవ్వా” అన్నాడు అంజయ్య చివరికి. “సార్‌ది కేతేపల్లి.”

“కేతేపల్లిల గూడ మెడలు పట్టుకుంటయా? పాపం” అన్నది గుర్వమ్మ.

సావిత్రమ్మ పక్కన నిలబడి అంతా చూసింది. వరస విడిపోయాక అతని దగ్గరికి వచ్చింది. “మెడ ఎప్పటిసంది?”

“జీపుల ఎగిరెగిరి పడ్డ. అందుకే.”

“అదే జీపుల నేను గూడ వచ్చిన” అన్నది ఆమె. 

తర్వాత బల్లలు వేశారు. బల్లకు ఒక డాక్టరు, ఒక లెక్కల మనిషి; మిగిలిన లెక్కలవాడు లైను చూసుకుంటాడు. సావిత్రమ్మ పరీక్ష చేస్తుంది, పర్వతాలు అడిగి కార్డు రాస్తాడు. లైను నడుస్తోంది. అతను తలెత్తకుండా అడుగుతున్నాడు, పక్కింటివాళ్లను, ఎదురింటివాళ్లను, పేరేంటని, ఎన్నేండ్లని. వాళ్లు తడబడకుండా చెప్తున్నారు.

ఆ లైనులోనే సైదమ్మ వచ్చింది. తలకు నూనె పెట్టుకుని, పెండ్లిళ్లకు మాత్రమే కట్టుకునే చీర కట్టుకుని వచ్చింది. స్టూలు మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, కొడుకు వైపు కాకుండా కార్డు వైపు చూసింది.

“పేరు?” అన్నాడు పర్వతాలు.

“సైదమ్మ.”

“వయసు?”

“యాభై ఉంటయేమో. మీరే రాసుకోండి సార్.”

“పిల్లలు?”

“ఒక్కడే కొడుకు. పట్నంల సదువుకుంటున్నడు. మంచోడే.”

పర్వతాలు ‘కొడుకు, ఒకడు’ అని రాశాడు.

“పెనిమిటి పేరు?”

సైదమ్మ మాట్లాడలేదు. ఆ వయసు ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరు. వెనకున్న మనిషిని చెప్పమని సైగ చేద్దామని తిరగబోయింది. మెడ తిరగలేదు. మొత్తం మనిషే తిరగాల్సి వచ్చింది. ఆమె తిరిగేలోగా పర్వతాలు కార్డులో జానయ్య అని రాసేశాడు.

సావిత్రమ్మ చూసింది. “ఆమె చెప్పనే లేదు. నువ్వెట్ల రాసినవ్?”

పర్వతాలు కార్డు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. 

“వెనకనుంచి ఎవరో అన్నరమ్మా” అన్నది సైదమ్మ గబగబ. “నాకు ఇనవడ్డది.”

వెనక నిలబడ్డ మనిషి, “ఆ, నేనే అన్న” అన్నది. తాను ఏ మాట అన్నట్టో ఆమెకు తెలియదు, కానీ సాయం చెయ్యాల్సిన చోటు అని అర్థమైంది.

“సరే” అన్నది సావిత్రమ్మ. “గడ్డం దించమ్మా.”

సైదమ్మ గడ్డం దించబోయింది. అది దిగలేదు. కొడుకుది ఆగిన చోటుకంటే పైనే ఆగింది. ఆమె దాన్ని అట్లనే వదిలేసి, మొదటిసారి తిన్నగా పర్వతాలు మొఖం చూసింది.

“నాది సరే. నీ మెడ ఎప్పటిసంది పట్టుకున్నది బిడ్డా?”

పర్వతాలు పెన్ను బల్ల మీద పెట్టాడు.

“నాలుగైదు నెలలు అయితాందమ్మా.”

“నొస్తాందా?”

“పొద్దుగాల నొస్తది.”

“జర ముందుగాల పంపుతే మంచిగుండు నిన్ను” అన్నది సైదమ్మ. గొంతు పెద్దగా మారలేదు. బియ్యంలో రాయి వచ్చిందని చెప్తున్నట్టే చెప్పింది. “మా అన్న నీకు అయిదేండ్లప్పటిసంది అడుగుతనే ఉండె, పంపు సైదమ్మా, మా ఊరి నీళ్లు మంచియి అని. నేనే పండుగ కానీ, సలికాలం పోనీ అనుకుంట ఉంచుకున్న. ఒక్కడివే ఉంటివి. ఇల్లంత బోసిగ ఉంటదని ఉంచుకున్న.”

లైను కదలకపోవడం చూసి ఇస్రాయేలు సారు వచ్చాడు. “ఎందుకు ఆగింది?”

“సార్, ఈమె పర్వతాలు వాళ్ల అమ్మ” అన్నది సావిత్రమ్మ.

సారు తల్లినీ కొడుకునూ చూశాడు. సైదమ్మకు దండం పెట్టాడు. “నమస్తే అమ్మా. కూసోండి, లేవకండి.” తర్వాత పర్వతాలు వైపు తిరిగాడు. “కేతేపల్లి?”

“మేనమామ ఊరు సార్.”

“పుట్టింది?”

“ఈడనే సార్.”

“ఈ నీళ్లు ఎన్నేండ్లు తాగినవ్?”

“పదేండ్లు సార్. సెలవులల్ల వచ్చినప్పుడు గూడ.”

ఇలాంటి రోజొకటి వస్తే ఏం చెప్పాలో పర్వతాలు హాస్టల్లో చాలాసార్లు తయారు చేసి పెట్టుకున్నాడు. ఎందుకు దాచాడో, ఎవరు కూజా తీసి కిటికీలో పెట్టుకున్నారో, అంతా. సారు ఏదీ అడగలేదు.

“అయితే నీకొక కార్డు రాయాలె” అన్నాడు. “కానీ నీది నువ్వు రాసుకోవద్దు. సావిత్రమ్మ రాస్తది. లైను నడవనీయి.”

అంజయ్య దూరం నుంచే అంతా విన్నాడు. “మా జానయ్య కొడుకే సార్!” అని అరిచినట్టే అన్నాడు. “పొద్దటిసంది చెప్దామంటే నోరు కట్టేసినట్టుండె.” అంతటితో బడి ముందు జనమంతా ఊపిరి తీసుకున్నారు. గోలీలాడినవాడు వచ్చి పర్వతాలు వీపు మీద ఒకటి చరిచి, అప్పుడే కొత్తగా చూసినట్టు, “ఎప్పుడొచ్చినవ్ రా?” అన్నాడు. చిన్నమ్మ ఒకామె, చిక్కిపోయావని ఏడ్చింది. పొద్దున నుంచీ ఆపుకున్న పలకరింపులన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. లైను గంటసేపు నడవలేదు. సారు చెట్టు కింద కూర్చుని వేరుశనక్కాయలు తిన్నాడు.

పొద్దు వాలే వేళకు జానయ్య మంద తోలుకుని వచ్చాడు. గొంగడి భుజాన వేసుకుని, కొడుకును చూసి, “వచ్చినవా” అన్నాడు. అంతకంటే ఎక్కువ మాట్లాడే అలవాటు ఆయనకు లేదు. సావిత్రమ్మ వంగమన్నది. ఆయన వంగి అరచేతులు నేలకు ఆనించాడు. గడ్డం దించమంటే ఛాతికి తగిలింది.

“వయసెంత పెద్దాయనా?”

“అరవై దాటింది.”

“మళ్లొకసారి వంగు.”

వంగాడు.

“ఇంకొకసారి.”

“ఎన్నిసార్లు వంగాలె తల్లీ? ఈడ ఏమన్న పడిపోయిందా?” అన్నాడు జానయ్య.

జీపులో తిరిగి వచ్చేటప్పుడు సావిత్రమ్మ పర్వతాలు పక్కన కూర్చుంది. “నీ మెడ సంగతి తిన్నగ చెప్తున్న” అన్నది. “తగ్గుతదని నేను అబద్ధం ఆడ. ఆ నీళ్లు మళ్ల ముట్టకుంటే ఈడనే ఆగొచ్చు. రోజూ కొంచెం కొంచెం తిప్పు. ఇంకోటి, నీకు బీడీ పడదు. దగ్గు వినలేక సస్తున్న.” పర్వతాలు జేబులో ఉన్న కట్ట తీసి డ్రైవరుకిచ్చాడు. ఇప్పుడు దాంతో పనేమీ లేదు.

కార్డులకు బొక్కలు పెట్టడానికి వానాకాలం అంతా పట్టింది. సర్కారు ఆఫీసొకదానిలో ఉన్న మెషీన్‌ను వారానికొక పూట వీళ్లకిచ్చేవారు. అది వరిగడ్డి కోసే మెషీన్‌లా చప్పుడు చేస్తూ కార్డులను గూళ్లలోకి విసిరేది. ముందు బావుల లెక్కన వేశారు. ఏ బావి నీళ్లు ఎక్కువ చెడ్డవో తేలింది. ఊళ్లో కొంత తెలిసిందే, కొంత తెలియనిది. తర్వాత వయసు లెక్కన వేశారు. తర్వాత పని లెక్కన.

పని లెక్కన వేసిన రోజు పర్వతాలు ఒక గూట్లో పడ్డ కార్డులు తీసి చూస్తూ కూర్చుండిపోయాడు. గొర్లకాపర్లవి. దాదాపు అందరి మెడలూ వంగుతున్నాయి. వాళ్ల భార్యల కార్డులు వెతికి పక్కన పెట్టాడు. అవే ఇండ్లు, అదే బావి, అదే తిండి. ఆడవాళ్ల మెడలు వంగడం లేదు. అతను ఆ రెండు కట్టలనూ తీసుకుని సారు గదికి వెళ్లాడు.

“సార్, కాపర్లు సలికాలం నుంచి వానలు పడేదాకా ఊర్ల ఉండరు. మందను కృష్ణ దిక్కు తోలుకపోతరు. సగం ఏడాది వాగుల నీళ్లు, ఏటి నీళ్లు తాగుతరు. ఆడోళ్లు ఇంటికాడ ఉండి ఏడాదంత బాయి నీళ్లే తాగుతరు.”

సారు కార్డులు తిప్పి చూశాడు. పై కార్డు జానయ్యది, దాని పక్కది సైదమ్మది.

“ఇది లెక్కనా, మీ ఇంటి సంగతా?”

“రెండూ సార్.”

“ఇంత కొద్దిమంది కాపర్లతోటి శాస్త్రం కాదు. నడక వల్ల గూడ కావొచ్చు. వేరే ఊర్లు గూడ సూడాలె.”

“అవును సార్.”

“అయినా రాయి” అన్నాడు సారు. “పెద్దగ రాయకు. సూసింది సూసినట్టు రాయి.” పర్వతాలు గుమ్మం దాకా పోయాక, “మంద ఎప్పుడు బయలెల్తది?” అని అడిగాడు.

“ఇంకో నెలకు సార్.”

“అయితే శాస్త్రం అయ్యేదాక ఆగొద్దు” అన్నాడు, చావుకబురు ముఖంతోనే.

చలి మొదలయ్యే ముందు పర్వతాలు మర్రిగూడ పోయి, అన్నం తినేటప్పుడు విషయం బయటపెట్టాడు. “అమ్మా, ఈసారి నువ్వు గూడ మందెంబడి పో.”

జానయ్య ముద్ద కలపడం ఆపాడు. సైదమ్మ నవ్వింది. కొడుకు ముఖం చూసి నవ్వు ఆపింది.

“మందెంబడి మొగోళ్లు పోతరు. ఊరోళ్లు ఏమంటరు?”

“ఏమన్న అననీ. నాయిన మెడ సూడు, నీ మెడ సూడు.”

“ఆడ ముండ్లు, ఎండ” అన్నాడు జానయ్య. “బండల మీద పండాలె. ఆడమనిషికి కాదు.”

“గేదెను ఎవరు సూస్తరు?” అన్నది సైదమ్మ. “కోళ్లను ఎవరు సూస్తరు?”

“కేతేపల్లి మామ గేదెను తోలుకపోతనన్నడు. కోళ్లను గుర్వమ్మవ్వ సూస్తనన్నది. అడిగే వచ్చిన.”

“అందరిని అడిగినవ్, నన్ను ఆఖరుకు అడిగినవ్.”

“నిన్ను ముందుగాల అడుగుతే గేదె అంటవని.”

జానయ్య మళ్లీ అన్నాడు, అక్కడ ఆడవాళ్లెవరూ ఉండరనీ, వంటకు కట్టెలు కూడా సరిగ్గా దొరకవనీ, తాను ఏదో ఒకటి కాల్చుకుని తింటాననీ. అనకుండా ఉంటే ఆమె పోయేది కాదేమో. సైదమ్మ కంచం పక్కకు జరిపింది.

“ముప్పై ఏండ్లసంది ఏం కాల్చుకోని తింటున్నవో సూడనన్న సూడాలె” అన్నది.

మంద బయలుదేరిన రోజు ఊరివాళ్లు చాలామంది చూడటానికి వచ్చారు. జానయ్య ఎవరి ముఖమూ చూడకుండా గొర్లను లెక్కపెట్టుకుంటున్నట్టు నటించాడు. సైదమ్మ ఒక గొంగడి, ఒక కుండ, కొంచెం పసుపు, మిరపపొడి మూట కట్టుకుంది. చెరువు కట్ట దాటేసరికి ఆమె మంద ముందుకు పోయి పొట్టేలును తిడుతోంది. పొట్టేలు ఆమె మాట వింటోంది. కుండ జానయ్య నెత్తి మీదికి మారింది.

ఆ ఎండాకాలం పర్వతాలుకు వాళ్ల కబురేమీ తెలియలేదు. దేవరకొండ సంతలో చూశామని ఒకరు చెప్పారు. సాగర్ కట్ట దగ్గర పని చూడటానికి ముసలామె ఒక పూట మందను ఆపేసిందని ఇంకొకరు చెప్పారు. అతను రోజూ పొద్దున మెడ తిప్పుకునేవాడు. అది మెరుగు కాలేదు, చెడిపోనూ లేదు. ఇస్రాయేలు సారు పంపిన లెక్కలకు పై ఆఫీసు నుంచి అందినట్టు జవాబొచ్చింది. తర్వాత మరీ చెడ్డ బావులు రెంటిని తాగడానికి వాడొద్దని దండోరా వేయించారు. కొత్త బావి తవ్వడానికి జాగా చూశారు. చూసి పోయారు. అంజయ్య వారం వారం ఆఫీసుకు పోయి కూర్చోవడం మొదలుపెట్టాడు. మూడో వానాకాలానికి ఆ బావి తవ్వారు.

ఆ ఎండాకాలం పోయి తొలకరి పడ్డాక కోర్సుకు రెండో బ్యాచి వచ్చింది. ఈసారి ఏడుగురు. “పరిచయం నువ్వే చెయ్యి” అని ఇస్రాయేలు సారు పర్వతాలుకు అప్పజెప్పాడు. అతను కొత్తవాళ్లను మర్రిగూడ బడి వరండాలో కూర్చోబెట్టి, ఎవరి దగ్గర ఏం అడగాలో, ఎట్లా అడగాలో చెప్తున్నాడు. మొగుడి పేరు ఆడవాళ్లను అడగొద్దనీ, పక్కవాళ్లను అడగాలనీ చెప్తుండగా దూరంగా మంద కనిపించింది.

సైదమ్మ ముందు నడుస్తోంది. నల్లబడింది, చిక్కింది. వరండా ముందుకొచ్చి ఆగి కర్ర నేలకు ఆనించింది. ఏడుగురు కొత్త విద్యార్థులు లేచి నిలబడ్డారు.

“మా అమ్మ” అన్నాడు పర్వతాలు వాళ్లతో. ఆమెను చూస్తూ, “మెడ ఎట్లున్నదమ్మా?” అన్నాడు.

“నొప్పి జర తక్కువున్నది. తిరుగుడైతే తిరుగుత లేదు.”

“నీళ్లు?”

“సప్పగున్నయ్. రుచే లేదు గా నీళ్లకు.”

“మరి వచ్చే ఏడు పోతవా?”

“పోకుంటే ఎట్ల?” అన్నది సైదమ్మ. వెనక కుండ నెత్తిన పెట్టుకుని వస్తున్న జానయ్యను చూడటానికి మొత్తం మనిషి తిరిగి, మళ్లీ కొడుకు వైపు తిరిగింది. “మీ నాయిన ఆడ ఏం జేస్తడో ఎరికేనా నీకు? మందను నీడకు తోలి, పొద్దుందాక పండుకుంటడు. గిన్నేండ్లు గీ మనిషి ఎంత కష్టవడుతున్నడో అని నేను ఈడ కూసోని ఏడ్చిన.”

జానయ్య ఆమె మాట వినపడనట్టు గొర్లను దొడ్డిలోకి తోలుకుని పోయాడు.